సంక్రాంతి నుంచి ఉగాది దాకా

పిల్లలూ!

మన కర్నూలు, కడప సీమ పేరెత్తగానే కొందరు పైప్రాంతంవాళ్ళు, "అక్కడ ఏమున్నది? యెండలు, రాళ్ళు!" అంటారు. ఆ మాట విని మీరు చిన్నబుచ్చుకోనక్కర లేదు. యెండలున్న మాట నిజమే. వేసవిలో నలభై డిగ్రీలు దాటి కాస్తవి. రాళ్ళున్న మాట అంతకంటే నిజం. కాని ఈ సీమకు సంవత్సరంలో పది పన్నెండు వారాలు మంచి రోజులున్నవి. సంక్రాంతి వెళ్ళిన మరునాడు మొదలై, ఉగాది పచ్చడి తినేనాటికి అవి అయిపోతవి. పొద్దున్నే పలచని చలి, మధ్యాహ్నం కాస్త చురుకు, సాయంత్రం చల్లని గాలి. జొన్న కోతకు వస్తుంది, శనగచేలు పండుతవి, రేగుపళ్ళు రాలుతవి. అడవిలో ఆకు రాలుతుంది, పువ్వు విచ్చుతుంది. వాగులో నీళ్ళు ఇంకిపోయి ఇసుక తేలుతుంది. యెండ ముదిరిన తరువాత బయట తిరగలేము. వానాకాలంలో బురద, ముళ్ళు, పురుగూ పుట్రా. కనక చూడదలచుకున్నవన్నీ ఈ వారాలలోనే చూడాలి.

నేను ముప్పై యేళ్ళకు పైగా బడిపిల్లల మధ్య గడిపి, ప్రధానోపాధ్యాయుడుగా పదవీవిరమణ చేసినవాణ్ణి. ఆ రోజుల్లో పిల్లలతో కలిసి బయట చేసిన పనులు కొన్ని ఇప్పుడు మీకు చెబుతాను. వీటికి డబ్బు పెద్దగా అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, నీళ్ళసీసా, తలకు తువ్వాలు, కాళ్ళకు చెప్పులు, వెంట ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఒకరు ఉంటే చాలు.

మొదటి పని: కదలకుండా కూర్చోవటం

ఇది చాలా తేలిక అనుకుంటున్నారా? అయితే ఇప్పుడే పది నిమిషాలు కూర్చుని చూడండి!

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్ళపాడు అనే ఊరు ఉన్నది. మొన్న 2022 దాకా అది కర్నూలు జిల్లాలోనే ఉండేది. అక్కడ గడ్డిబీళ్ళున్నవి. చెట్లు తక్కువ, కంటికి ఆనినంత మేర ఎండుగడ్డి. 1988లో ఆ బీళ్ళలో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను ప్రభుత్వం అభయారణ్యం చేసింది. అడవి అంటే పెద్ద చెట్లే ఉండాలని అనుకోకండి. గడ్డి కూడా అడవే. గడ్డిలోనే బతికే ప్రాణులు ఎన్నో ఉన్నవి.

అక్కడ ఆ అభయారణ్యం పెట్టింది ముఖ్యంగా ఒక పక్షి కోసం. దాన్ని మనవాళ్ళు బట్టమేక పిట్ట అంటారు. పేరుకు పిట్టే గాని, నిలబడితే మీ నడుము దాటి ఉంటుంది. బాగా ఎదిగిన మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షులలో అంత బరువైనవి ప్రపంచం మొత్తం మీద బహు కొద్ది. అది గూడు కట్టదు. నేలమీదే సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది.

నేను కొత్తగా సైన్సు మాస్టరుగా పనిచేస్తున్న రోజులలో, 1990 సంక్రాంతి సెలవులు అయిపోగానే, ఎనిమిదో తరగతి పిల్లలను ఇరవైమందిని వెంటపెట్టుకుని రోళ్ళపాడు వెళ్ళాను. తెల్లవారుజామున చేరుకున్నాము. చలికి పళ్ళు టకటకలాడుతున్నవి. మంచు విడిపోగానే ఒక పిల్లవాడు నా చెయ్యి గిల్లి చూపించాడు. దూరంగా గడ్డిలో ఒక బట్టమేక పిట్ట! తెల్లని పొడుగాటి మెడ, నెత్తిమీద నల్లని టోపీ పెట్టినట్టు ఈకలు. ఊరి పెద్దమనిషి చేలగట్టు మీద నడిచినట్టు అడుగులో అడుగు వేస్తూ నడుస్తున్నది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. "రండి, దగ్గరకు పోయి చూద్దాం!" అన్నాను. ఇరవైమందీ ఒక్కసారి లేచారు. ఆ పిట్ట మెడ ఎత్తి మమ్మల్ని చూసింది. పెద్ద రెక్కలు విప్పి, బరువుగా లేచి, నేలకు కాస్త ఎత్తున ఎగురుతూ అవతలి మిట్ట దాటిపోయింది. మేము మధ్యాహ్నం దాకా కాచుకున్నాము. అది తిరిగి రాలేదు.

అక్కడ గొర్రెలు కాచే ముసలాయన ఒకడు ఇదంతా చూస్తున్నాడు. నా దగ్గరకు వచ్చి, "సారూ, మీరు నిలబడుకోని సూస్తే అదీ నిలబడుకుంటాది. మీరు ఉరికితే అదీ పోతాది. ఇంతే గదా!" అన్నాడు. నేను కాలేజీలో చదివిన జీవశాస్త్రంలో ఈ ఒక్క మాటా లేకపోయింది.

అందుకే మీకు మొదటి పనిగా కదలకుండా కూర్చోవటం చెప్పాను. ఒక చేనిగట్టు మీద గాని, చెరువుకట్ట మీద గాని పది నిమిషాలు కూర్చోండి. మాట్లాడకండి. వినపడిన ప్రతి చప్పుడుకూ పుస్తకంలో ఒక గీత గీయండి. మొదటి రెండు నిమిషాలలో రెండో మూడో గీతలు పడతవి. మనం బొమ్మల్లా కూర్చున్నామని తెలిసిన తరువాత పిట్టలు, తొండలు, ఉడతలు తమ తమ పనులు మొదలుపెడతవి. పది నిమిషాలు పూర్తయ్యేసరికి మీ పుస్తకంలో గీతలు ఎన్ని అవుతవో మీరే చూడండి.

రోళ్ళపాటికి ఇప్పుడు వెళ్ళినా చూడవలసినవి చాలా ఉన్నవి. కృష్ణజింకలు గుంపులు గుంపులుగా తిరుగుతవి. మగదానికి పైన నలుపు, కింద తెలుపు, మెలితిరిగిన కొమ్ములు. ఆడదానికి లేత గోధుమరంగు, కొమ్ములుండవు. బెదిరితే గుర్రాన్ని కూడా వెనక వేసి పరుగెత్తుతవి. సాయంత్రమైతే గద్దజాతికి చెందిన సన్నని రెక్కల పక్షులు గడ్డిమీద తేలుతూ వచ్చి దిగుతవి. వాటిని ఇంగ్లీషులో హారియర్లంటారు. చలికాలం గడపటానికి అవి కజకస్తాన్ వంటి దూరదేశాలనుంచి ఇక్కడికి వస్తవి. పగలంతా మిడతలను తింటవి. రాత్రి చెట్టెక్కవు, గడ్డిలోనే పడుకుంటవి. ఉగాది నాటికి తిరుగు ప్రయాణమవుతవి. పంటను తినే మిడతలను తినటానికి అంత దూరంనుంచి కూలి అడగని పాలేళ్ళు వస్తున్నారన్నమాట!

మరి బట్టమేక పిట్ట? దాని సంగతి చివర చెబుతాను.

రెండో పని: రాత్రి వచ్చిపోయినవారిని పట్టుకోవటం

"పట్టుకోవటం" అంటే చేత్తో కాదు సుమా, కంటితో. సాయంత్రం మీ పెరట్లోనో, పొలంలోనో ఒక మంచమంత జాగాలో రాళ్ళు, పుల్లలు ఏరివేయండి. మెత్తని దుమ్ము గాని, జల్లించిన ఇసుక గాని పలచగా పరచి, చీపురుతో సాపు చెయ్యండి. పొద్దున యెండ ఎక్కకముందే లేచి చూడండి. రాత్రి ఆ దారిన ఎవరెవరు నడిచారో వాళ్ళంతట వాళ్ళే సంతకాలు చేసి పోయి ఉంటారు! కుక్కకు గోళ్ళ గుర్తులు పడతవి; పిల్లికి పడవు, అది గోళ్ళు ముడుచుకుని నడుస్తుంది. పాము పోతే కాళ్ళు లేని గీత పడుతుంది. పిచ్చుక రెండు కాళ్ళూ కలిపి గెంతుతుంది. కాకి, గోరింక మనలాగా అడుగులు వేస్తూ నడుస్తవి. చూసినదాన్ని చూసినట్టు పుస్తకంలో బొమ్మ వేసుకోండి.

ఒక బడిలో మేము పిల్లలచేత గెనుసుగడ్డల తోట వేయించాము. శివరాత్రి నాటికి గడ్డలు ఊరినవి. రోజూ రాత్రి ఎవరో నాలుగు పాదులు పెళ్ళగించి తింటున్నారు. బడి పక్కన గుడిసెలో ఉండే ఒక పిల్లవాడి మీద అందరికీ అనుమానం. ఎందుకంటారా? వాడు పేదవాడు కనక, అంతే! నేను కూడా వాణ్ణి గదిలోకి పిలిచి కాస్త గట్టిగానే అడిగాను. వాడు ఏడవలేదు, తల వంచుకుని నిలబడ్డాడు. ఆ సాయంత్రం తరగతి పిల్లలు తోట చుట్టూ దుమ్ము పరిచారు. తెల్లవారి చూస్తే ఏమున్నది? చిన్నపిల్లల పాదం వంటి ముద్రలు, వాటి వెంట చీపురు ఈడ్చినట్టు సన్నని గీతలు. ఏదుపంది! నడిచేటప్పుడు దాని ముళ్ళు నేలను రాసుకుంటవి. ఆనాడు ప్రార్థన సమయంలో అందరి ముందూ నేను ఆ పిల్లవాడికి క్షమాపణ చెప్పుకున్నాను. దుమ్ము చెప్పిన సాక్ష్యానికి తిరుగులేదు. మనం తొందరపడి అనుకున్నది సాక్ష్యం కాదు.

ఈ దుమ్ము పరిచే పని పిల్లల ఆట మాత్రమే అనుకోకండి. కడప జిల్లాలో దీనితో పెద్ద శాస్త్రజ్ఞులు పని చేశారు. సిద్ధవటం దగ్గర లంకమల కొండల కింద ముళ్ళపొదల అడవి ఉన్నది. అందులో కలివికోడి అనే పక్షి ఉంటుంది. జానెడు పొడుగు, కంటి మీద తెల్లని పట్టె, రొమ్ము మీద అడ్డంగా గోధుమరంగు పట్టీలు. పగలు పొదల్లో దాక్కుని, రాత్రి పురుగులకోసం తిరుగుతుంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని మొదటిసారి శాస్త్రలోకానికి చెప్పాడు. 1900 తరువాత ఇక ఎవరికీ కనిపించలేదు. పుస్తకాలలో దీని పేరు పక్కన "నశించింది కాబోలు" అని రాసుకున్నారు.

ఎనభై ఆరు సంవత్సరాలు గడిచినవి. 1986 జనవరిలో, అంటే సరిగ్గా సంక్రాంతి రోజులలో, రెడ్డిపల్లె దగ్గర అడవిలో ఐతన్న అనే స్థానికుడికి రాత్రిపూట లైటు వెలుగులో ఒక పిట్ట కనిపించింది. వెలుగు కళ్ళలో పడేసరికి అది కదలక నిలబడిపోయింది. అతను పట్టి ఇంటికి తెచ్చాడు. అప్పటికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు దాని కోసమే ఆ పల్లెలన్నీ తిరుగుతూ, ఊళ్ళవాళ్ళకు బొమ్మ చూపించి అడుగుతున్నాడు. ఆ పిట్ట కలివికోడే! ప్రపంచమంతా పోయిందనుకున్న పక్షి మన కడప జిల్లా పొదల్లో బతికే ఉన్నది. కాని పట్టిన పిట్ట కొద్దిరోజులకే చనిపోయింది. చూశారా, ఎంత సంతోషమో అంత దుఃఖం!

1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు పిట్టను పట్టే పని పెట్టుకోలేదు. పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, పొద్దున్నే అడుగుల అచ్చులు చదివారు. దారిలో కెమెరాలు అమర్చారు. రాత్రి దాని కూత విన్నారు. ఆ పద్ధతిలో అది ఎటువంటి పొదల్లో తిరుగుతుందో తెలిసింది. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా పోవలసి వస్తే, ఆ పక్షి కోసం కాలువ దారి మార్చారు. ఒక జానెడు పిట్ట కోసం! మీ పెరట్లో మీరు పరిచే దుమ్ముకూ, ఆ శాస్త్రజ్ఞులు పరిచిన మట్టికీ తేడా లేదు.

మూడో పని: రాళ్ళను చదవటం

మన ఇళ్ళలో చాలాచోట్ల నేలమీద పరచినవి నాపరాళ్ళు. వాటినే ఇతర జిల్లాలవాళ్ళు కడపబండలంటారు. బేతంచెర్ల, జమ్మలమడుగు వైపునుంచి లారీలకెత్తి దేశమంతా పంపుతారు. అటువంటి రాతిముక్క ఒకటి తెచ్చి, మొలతో గీకి కాస్త పొడి చెయ్యండి. ఆ పొడిమీద నిమ్మరసం నాలుగు చుక్కలు వెయ్యండి. చెవి దగ్గర పెట్టి వినండి. కళ్ళు దగ్గర పెట్టి చూడండి. సన్నని బుడగలు లేస్తే అది సున్నపురాయి. బుడగలు లేవకపోతే వేరే రాయి. నిమ్మరసంలోని పులుపు సున్నపురాతిని కరిగిస్తూ బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. సోడాకాయ కొట్టినప్పుడు బుస్సుమనేది కూడా ఆ వాయువే.

ఈ ప్రయోగం చేసిన తరువాతే బెలుం గుహలకు వెళ్ళండి. అవి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నవి. పైన చూస్తే మామూలు చేను. మెట్లు దిగితే భూమికింద ఒక ఊరే ఉన్నది! వాన నీరు గాలిలోనుంచీ, మట్టిలోనుంచీ బొగ్గుపులుసు వాయువును తీసుకుని కొంచెం పులుపెక్కుతుంది. మీ నిమ్మరసం రెండు నిమిషాలలో చేసిన పనినే, ఆ పలచని పులుపునీళ్ళు లక్షల సంవత్సరాలు చేసినవి. గుహల పొడవు 3,229 మీటర్లని కొలిచారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు వీటిని గురించి రాశాడు. ఆ తరువాత దాదాపు నూరేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982లోనూ, 1983లోనూ జర్మనీనుంచి గెబవర్ అనే ఆయన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. 2002 నుంచి అందరూ చూడటానికి దీపాలు, దారులు ఏర్పాటైనవి. అన్నిటికంటే లోతైనచోట పాతాళగంగ అనే నీటిధార కనిపించి, మళ్ళీ రాళ్ళలోకి మాయమవుతుంది. లోపల ఉక్క ఎక్కువ. నీళ్ళు తాగి దిగండి, చిన్నపిల్లలను తొందరపెట్టకండి.

అక్కడినుంచి గండికోటకు వెళితే పెన్నానది ఎర్రమల కొండలను నిట్టనిలువునా కోసిన గండి కనిపిస్తుంది. గండిపక్కన కోట కనక గండికోట అయింది. కోటలో మాధవరాయస్వామి గుడి, జుమ్మామసీదు, ధాన్యపు కొట్టు ఉన్నవి. అవి చూపించటానికి అక్కడివాళ్ళున్నారు. నేను చెప్పేది రాళ్ళ సంగతి. అంచుకు రాకముందే ఆగి, కాళ్ళకింది బండలను వంగి చూడండి. కొన్నిటిమీద వరుసగా చిన్న చిన్న అలలు తీర్చినట్టుంటుంది. చెరువు అంచున లోతులేని నీళ్ళ కింద ఇసుక మీద ఇటువంటి అలలు మీరు చూసే ఉంటారు. అవే ఇవి! ఒకానొకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున ఇసుక మీద నీళ్ళు గీసిన గీతలు గట్టిపడి బండలైనవి. వేంపల్లె వైపు రాళ్ళలో ఇంకొక వింత ఉన్నది: దొంతరలు దొంతరలుగా, ఉల్లిపాయ కోసినట్టు కనిపించే రాళ్ళు. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ సముద్రంలో పొర మీద పొర కట్టిన మేడలవి. వాటి వయస్సు 180 కోట్ల యేళ్ళకు పైమాటే. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. ప్రపంచంలో భూగర్భశాస్త్రం చదివేవాళ్ళ పుస్తకాలలో "కడప శిలలు", "కర్నూలు శిలలు" అన్న పేర్లున్నవి. రాళ్ళు తప్ప ఏమున్నవని ఎవరైనా అంటే, మీరు ఇక జవాబు చెప్పవచ్చు!

ఇంకొక్కటి చెప్పి ఈ రాళ్ళ ముచ్చట ముగిస్తాను. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో మట్టి పొరల నడుమ తెల్లని బూడిద పొర ఉన్నది. అది పొయ్యిలో బూడిద కాదు. సుమారు 74,000 సంవత్సరాల కిందట, సముద్రం అవతల సుమత్రాదీవిలో తోబా అనే అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకువచ్చి ఇక్కడ పడ్డ బూడిద. ఆ పొర కింద, పైన కూడా మానవులు చేసిన రాతి పనిముట్లు దొరికినవి. అంతటి ఉత్పాతానికి ముందూ, తరువాతా కూడా ఈ సీమలో మనుషులు బతికారన్నమాట.

నాలుగో పని: ఈ చెట్టు నాది

సంక్రాంతి మరునాడు మీ ఇంటి దగ్గర ఒక చెట్టును ఎంచుకోండి. వేప, చింత, మోదుగ, కానుగ, ఏదైనా సరే. కొమ్మకు ఒక రంగుదారం వదులుగా కట్టండి. వారానికొకసారి, ఆదివారం పొద్దున, ఆ కొమ్మను చూసి నాలుగు మాటలు రాయండి: ఆకు రాలిందా, చిగురు వచ్చిందా, మొగ్గ కనబడిందా, దానిమీద ఎవరు వాలారు? ఉగాది నాటికి మీ దగ్గర పదికి పైగా పుటలుంటవి. అది మీరు రాసిన పుస్తకం. వచ్చే యేడు అదే చెట్టుకు మళ్ళీ రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ యేడు పువ్వు ముందు వచ్చిందో మీ ఊరిలో మీకే తెలుస్తుంది.

మాఘ ఫాల్గుణాలలో మోదుగచెట్టు చూడవలసిందే. ఒక్క ఆకు లేకుండా చెట్టంతా నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. ఎర్రమల, నల్లమల కొండలమీద కొండగోగు కూడా ఆకు రాల్చి పచ్చని పువ్వులు పూస్తుంది. ఆకులన్నీ రాల్చటం ఎందుకు? ఆకులగుండా చెట్టులోని నీరు ఆవిరైపోతుంది. ముందు వచ్చేది యెండాకాలం. కనక ఇంట్లో ఖర్చు తగ్గించుకున్నట్టు చెట్టు ఆకులను తగ్గించుకుంటుంది. ఆకు అడ్డం లేకపోతే పువ్వు దూరానికి కనబడుతుంది. గోరింకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు వస్తవి. తేనె తాగి, ముక్కుకు పుప్పొడి అంటించుకుని ఇంకొక చెట్టుకు మోసుకుపోతవి. కింద రాలిన పూలు ఏరి తెచ్చి నీళ్ళలో మరిగిస్తే మంచి రంగు దిగుతుంది. హోళీకి అదే చాలు, అంగడి రంగులు అక్కరలేదు. కాని చెట్టుమీది పువ్వు కొయ్యకండి. అది పిట్టలవంతు.

ఐదో పని: గొల్లకావడి

ఫిబ్రవరి నెలలో రాత్రి ఎనిమిది గంటలకు, ఊరిదీపాలకు దూరంగా పొలంలో చాప వేసుకుని పడుకోండి. ఈ సీమ ఆకాశంలో ఈ రోజులలో మబ్బు అరుదు. దాదాపు నడినెత్తిన, కొంచెం దక్షిణంగా మూడు చుక్కలు ఒకే వరుసలో కనిపిస్తవి. అదే గొల్లకావడి. ఆ వరుసను వాయవ్యంగా పొడిగిస్తే ఎర్రని రోహిణి, ఇంకా ముందుకు పోతే చుక్కల గుత్తి ఒకటి కనబడుతుంది. దాన్ని మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు, శాస్త్రంలో కృత్తికలు. ఎన్ని కోడిపిల్లలు కనబడినవో ఎవరికివారు లెక్కపెట్టి, తరువాత సరిచూసుకోండి. అదే వరుసను ఆగ్నేయంగా పొడిగిస్తే ఆకాశంలోకెల్లా ప్రకాశమైన నక్షత్రం మృగవ్యాధుడు. దాని వెలుగు మనను చేరటానికి సుమారు ఎనిమిదిన్నర యేళ్ళు పడుతుంది. మీలో మూడో తరగతి చదివేవాళ్ళుంటే, మీరు పుట్టిన రోజులలో అక్కడ బయలుదేరిన వెలుగు ఇప్పుడే మీ కంట్లో పడుతున్నదన్నమాట! ఇక దక్షిణాన, దిక్కుకు కొంచెం పైగా వెలిగేది అగస్త్య నక్షత్రం. మనకు తేలికగా కనబడే ఈ చుక్క ఢిల్లీలో వాళ్ళకు నేలకు ఆనుకుని కనబడీ కనబడనట్టుంటుంది. లండనులో వాళ్ళకు అసలే కనబడదు.

పెద్దలకు నాలుగు మాటలు

అయ్యా, అమ్మా! పిల్లలను బయటికి తీసుకుపోయేటప్పుడు సూర్యోదయానికి ముందు బయలుదేరి, పదిగంటల లోపల నీడకు చేరండి. మనిషికి రెండు సీసాల నీళ్ళు తప్పనిసరి. అభయారణ్యాలలో అటవీశాఖవారి అనుమతి తీసుకుని, వాళ్ళు చెప్పిన దారిలోనే నడవండి. లంకమల, పాలకొండల వైపు ఎర్రచందనం అడవులున్నవి; అక్కడ అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. గండికోట లోయ అంచున చాలాచోట్ల అడ్డుగోడ లేదు. పిల్లల చెయ్యి వదలకండి. ఫోటో కోసం వెనక్కు అడుగు వెయ్యకండి. రాతిసందులలో చెయ్యి పెట్టనివ్వకండి. రాత్రి పొలానికి పోతే లైటు తీసుకువెళ్ళండి. చాప వేసేముందు నేల చూసుకోండి. ఎండుగడ్డి ఉన్నచోట నిప్పు రాజెయ్యకండి. మరొక మాట: పిల్లవాడు ఒక పిట్ట పేరు అడిగి, మీకు తెలియకపోతే, "నాకు తెలియదురా, ఇద్దరం కనుక్కుందాం" అనండి. దానివల్ల మీ పెద్దరికం ఏమీ తగ్గదు.

బట్టమేక పిట్ట సంగతి

పిల్లలూ, చివర చెబుతానన్నాను గదా. పోయిన సంక్రాంతి తరువాత నా కొడుకు కూతురిని వెంటబెట్టుకుని రోళ్ళపాడు వెళ్ళాను. ఐదో తరగతి చదువుతున్నది. నేను చెప్పకుండానే గట్టుమీద కదలకుండా కూర్చున్నది. కృష్ణజింకలు మా ఎదుటనుంచే పోయినవి. సాయంత్రం హారియర్లు దిగటం చూసి అది ఊపిరి కూడా పీల్చలేదు. చీకటి పడబోతుండగా, "జేజినాయనా, నువ్వు చెప్పిన బట్టమేక ఏదీ?" అన్నది.

నాకు వెంటనే మాట రాలేదు. రోళ్ళపాటిలో ఇప్పుడు బట్టమేక పిట్టలు కనబడటం లేదు. వాటిని కాపాడటానికే కంచె వేశారు. కాని పక్షికి కంచె తెలియదు. కంచె బయట బీళ్ళు పొలాలైనవి. పంటలు మారినవి. కుక్కలు పెరిగినవి. నేలమీద పెట్టే ఒకే ఒక్క గుడ్డు ఎన్నాళ్ళని దక్కుతుంది? దేశం మొత్తం మీద కూడా స్వేచ్ఛగా తిరిగేవి నూటయాభైకి లోపేనని అంచనా. ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. అక్కడ వాటికి కరెంటు తీగెలు ప్రాణం మీదికి వస్తున్నవి. ఆ పక్షి కళ్ళు తలకు పక్కల ఉంటవి. సూటిగా ఎదుట ఉన్నది సరిగా కనపడదు. బరువైన ఒళ్ళు కనక చప్పున పక్కకు తిరగలేదు. 2019 నుంచి అక్కడ గుడ్లు సేకరించి పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు.

ఇదంతా చెప్పాను. మా పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే కలివికోడి ఎనభై ఆరేండ్లు కనపడల్యా? మళ్ళీ కనపడింది గదా!" అన్నది.

అవును, కనపడింది. ఎందుకంటే దాని పొదలు అక్కడ మిగిలి ఉన్నవి. వెతికేవాళ్ళు మిగిలి ఉన్నారు. పొదలు పోయి ఉంటే ఎనభై ఆరు కాదు, ఎనిమిది వందల యేళ్ళు వెతికినా కనపడేది కాదు. బట్టమేక పిట్ట మన సీమకు తిరిగి వస్తుందో రాదో నేను మాట ఇవ్వలేను. వస్తే దిగటానికి గడ్డి ఉండాలి. దిగినప్పుడు దాన్ని చూసి ఉరకకుండా నిలబడగల పిల్లలుండాలి. గడ్డి సంగతి పెద్దవాళ్ళం చూడాలి. నిలబడటం మాత్రం మీరు ఈ ఆదివారమే నేర్చుకోవచ్చు.

పది నిమిషాలు. పుస్తకమూ, పెన్సిలూ మరచిపోకండి!